ద్వీపానికి సరిపోయే రైలు

ఈ రోజు ఒక చిన్న రైలు దారి గురించి మాట్లాడుకుందాం. చాలా చిన్నది. మొత్తం ఎనిమిదిన్నర మైళ్లు. మన లెక్కలో 14 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఈ చివర ఎక్కితే అరగంట లోపే ఆ చివర దిగిపోతారు. ఇంగ్లండు దక్షిణ తీరానికి ఎదురుగా ఐల్ ఆఫ్ వైట్ అనే ద్వీపం ఉంది. 1901లో విక్టోరియా రాణి కన్నుమూసింది ఈ ద్వీపంలోని ఆస్‌బోర్న్ భవనంలోనే. ఇప్పుడక్కడ సుమారు లక్షా నలభై వేల మంది ఉంటారు. ద్వీపానికీ ఇంగ్లండు నేలకూ మధ్య సోలెంట్ అనే జలసంధి ఉంది. దాని మీద వంతెన లేదు. దాని కింద సొరంగమూ లేదు. పోర్ట్స్‌మత్ రేవులో పడవ ఎక్కాలి, ఇరవై నిమిషాల పైచిలుకు సముద్రం దాటాలి. అవతల రైడ్ అనే ఊరు. అక్కడ ఒడ్డు దగ్గర నీళ్లు లోతు తక్కువ. ఆటు వచ్చిందంటే ఇసుక మేటలు తేలిపోతాయి. పడవ ఒడ్డుదాకా రాలేదు. అందుకని 1814లోనే సముద్రంలోకి ఒక జెట్టీ కట్టారు. ఇప్పుడది సుమారు అర మైలు పొడవుంటుంది. తర్వాత 1880లో రైలు పట్టాలను కూడా ఆ జెట్టీ కొసదాకా తీసుకెళ్లారు. అంటే అక్కడ పడవ రైలు దగ్గరికి రాలేదు గనుక, రైలే సముద్రం మీదుగా పడవ దగ్గరికి వెళుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఇది పడవను అందుకునే రైలు. మనం చెప్పుకోబోయే కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

2021లో ఈ దారి మీద రైళ్లను మార్చారు. అంతవరకు తిరిగినవి ఎప్పటివో తెలుసా? 1938 నాటి రైళ్లు. లండన్ భూగర్భ రైల్వే కోసం తయారైనవి. పెళ్లిళ్లకో పండగలకో బయటికి తీసే ప్రదర్శన రైళ్లు కావవి. రోజూ జనం పనులకు, బడులకు, ఆసుపత్రులకు ఎక్కి వెళ్లిన రైళ్లు. బ్రిటన్‌లో రోజువారీ సర్వీసులో ఉన్న రైళ్లలో అన్నిటికన్నా పాతవి అవే. వాటిని తీసేసి ఏం తెచ్చారు? కొత్త రైళ్లు తెచ్చారని అనుకుంటాం. అలా జరగలేదు. 1980 ప్రాంతంలో లండన్ డిస్ట్రిక్ట్ లైను కోసం తయారై, అక్కడ పదవీ విరమణ చేసిన రైళ్లను తెచ్చారు. అంటే ఎనభై ఏళ్లు దాటిన రైళ్లు పోయి నలభై ఏళ్ల రైళ్లు వచ్చాయి. వినగానే ఇదేం మార్పు అనిపిస్తుంది. ద్వీపంలోనూ ఆ మాట అన్నవాళ్లున్నారు. నేను మాత్రం ఆ నిర్ణయం సరైనదనే చెబుతాను. ఎందుకు సరైనదో, ఎక్కడ ప్రమాదపు అంచున నడిచిందో, రెండూ చెబుతాను. చిన్న దారి మీద రైలు మార్చేటప్పుడు ఆ రైలు వయసెంత అన్నది రెండో ప్రశ్న. ఆ దారిలో పడుతుందా, ఆ దారి అవసరానికి అందుతుందా, అక్కడి షెడ్డులో పనివాళ్ల చేతికి లొంగుతుందా అన్నవి ముందడగాల్సిన ప్రశ్నలు.

ముందు ఆ దారిలో పట్టడం సంగతి చూద్దాం. రైడ్ ఊరి కింద ఒక సొరంగం ఉంది. జెట్టీ దాటగానే రైలు ఆ సొరంగంలో దూరుతుంది. ఊరి పల్లంలో మంక్‌టన్‌మీడ్ అనే వాగు సముద్రంలో కలుస్తుంది. గట్టిగా వాన పడి, అదే సమయంలో పోటు వచ్చిందంటే వాగు నీళ్లు సముద్రంలోకి పోలేక వెనక్కి తన్నుతాయి. సొరంగంలో నీళ్లు నిలుస్తాయి. 1966 చివరిదాకా ఈ దారి మీద ఆవిరి ఇంజన్లే నడిచాయి. ఆ ఏడాది చివర వాటిని ఆపేసి, దారిని మూసి, కరెంటు పెట్టారు. పట్టాల పక్కనే మూడో పట్టా వేసి దాని గుండా కరెంటు పంపించే పద్ధతి అది. 1967 మార్చిలో కరెంటు రైళ్లు మొదలయ్యాయి. ఆ పనుల్లోనే, నీళ్ల బాధ తగ్గించడానికి, సొరంగంలో పట్టాల మట్టం పెంచారు. నీళ్ల బాధ కొంత తగ్గింది. కానీ పట్టాలు పైకి లేచాయంటే పైకప్పు కిందికి దిగినట్టే కదా. ఆ తర్వాత ఇంగ్లండులో మామూలు దారుల మీద తిరిగే రైలు ఏదీ ఆ సొరంగంలో పట్టదు. తల తగులుతుంది. పొట్టి రైలు కావాలి. పొట్టి రైళ్లు ఎక్కడ ఉంటాయి? లండన్ నగరం కింద గొట్టాల్లాంటి సొరంగాల్లో తిరిగే భూగర్భ రైళ్లు పొట్టివి. అందుకే లండన్ పాతాళంలో తిరిగిన రైలు ఈ ద్వీపంలో సముద్రం మీద తిరిగింది. వింతగా కనిపించినా దాని వెనక ఉన్నది శుద్ధమైన కొలత. పట్టే రైలు తప్ప పట్టని రైలు ఎంత కొత్తదైనా ఆ ద్వీపానికి పనికిరాదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. లండన్ వాళ్లు వాడి పడేసినవాటిని ద్వీపానికి అంటగట్టడం అవమానం కాదా? అభ్యంతరంలో బాధ ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. రాజధానికి కొత్త రైలు, మారుమూలకు పాత రైలు అన్నది ఏ దేశంలోనైనా జనానికి గుచ్చుకునే విషయమే. అయితే ఈ ద్వీపం చరిత్ర చూడండి. 1923 నుంచి ఇక్కడికి తరలించిన ఓ-2 రకం ఆవిరి ఇంజన్లు అప్పటికే ఇంగ్లండులో ముప్పై ఏళ్లు పనిచేసినవి. వాటికి ద్వీపంలోని ఊళ్ల పేర్లు పెట్టుకున్నారు. అవి ఇక్కడ మరో నలభై ఏళ్లకు పైగా బండి లాగాయి. 1967లో వచ్చిన మొదటి కరెంటు రైళ్లు 1920లలో, 30ల్లో తయారైనవి. వాటి తర్వాత 1989లో మొదలుపెట్టి ఈ 1938 రైళ్లను దించారు. ఇవి అంతకు ముందు ఏడాదే, అంటే 1988లో, లండన్‌లో సేవ ముగించాయి. అంటే వందేళ్లుగా ద్వీపం తిరిగిందంతా వాడిన రైళ్ల మీదే. కాబట్టి అవమానం వాడిన రైలు రావడంలో ఉందా అన్నది ఆలోచించాలి. నా ఉద్దేశంలో అవమానం ఉన్నది వేరే చోట. వాడిన రైలు తెచ్చి, దాన్ని పట్టించుకోకుండా వదిలేసి, ఇక అదే తిరుగుతుందిలే అనుకోవడంలో ఉంది. 1938 రైళ్ల చివరి పదిహేనేళ్లు అలాగే గడిచాయి.

ఆ 1938 రైళ్లు తమ కాలానికి గొప్పవి. అంతకు ముందు భూగర్భ రైళ్లలో మోటారు సామాను కోసం పెట్టెలో కొంత భాగం గదిలా పోయేది. ఆ చోట జనం కూర్చోలేరు. 1938 రైళ్లలో ఆ సామాను మొత్తాన్ని నేల కిందికి దించేశారు. పెట్టె మొత్తం ప్రయాణికులకే మిగిలింది. ఇవాళ మనం ఎక్కే లోకల్ రైళ్లదీ అదే ఏర్పాటు. అంత ముందుచూపుతో చేసిన రైళ్లు కాబట్టే ఎనభై ఏళ్లు దాటి బతికాయి. కానీ ఏ లోహమూ ఉప్పు గాలికి ఎల్లకాలం ఆగదు. జెట్టీ మీద అలల తుంపర పడుతుంది. ఇనుప ఒళ్లు తుప్పు పడుతుంది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో పోయింది, విడిభాగాలు దొరకవు. ఒక రైలు ఆగిపోతే దాని ఎముకలు తీసి మరో రైలుకు అతికించాలి. 2007లో ఈ రైళ్ల యాజమాన్యం చేతులు మారినప్పుడు వాటికి కట్టిన వెల ఒక్క పౌండు. వెల ఒక్క పౌండే అయినా వాటిని నడిపించే శ్రమ తక్కువది కాదు. రైడ్ సెయింట్ జాన్స్ రోడ్ షెడ్డులో పనివాళ్లు ఎంత కష్టపడినా, చివరి ఏళ్లలో రోజుకు కావలసిన రెండు రైళ్లు కూడా సిద్ధం కాని రోజులు వచ్చాయి. ఒక్క రైలే ఉంటే గంటకు ఒక్కసారే సర్వీసు. ఆ ఒక్కటీ ఆగితే? బస్సే గతి. పాత రైలు అందంగా ఉంటుంది, జ్ఞాపకాలు ఉంటాయి, దాన్ని తీసేయొద్దు అనేవాళ్లకు నా జవాబు ఇదే. అందమైన పాత రైలుకు ఆ ద్వీపంలోనే మంచి చోటుంది. హేవెన్‌స్ట్రీట్ కేంద్రంగా ఆవిరి రైలు మార్గం ఒకటి నడుస్తోంది. 1938 రైళ్లలో ఒకదాన్ని అక్కడ భద్రం చేశారు. చూడదలచినవాళ్లు వెళ్లి చూడవచ్చు. ఆసుపత్రికి టైముకు చేరాల్సిన మనిషికి మాత్రం చరిత్ర చూపించి సర్దిచెప్పలేం. 2021 జనవరి 3న అవి ఆఖరి సారి తిరిగాయి. మర్నాడు దారి మూశారు.

మరి వచ్చినవి ఎలాంటివి? లండన్‌లో డిస్ట్రిక్ట్ లైను భూమికి మరీ లోతున పోదు. అక్కడి సొరంగాలు కాస్త పెద్దవి. కాబట్టి ఆ రైళ్లు గొట్టపు రైళ్లకన్నా ఎత్తు, మామూలు రైళ్లకన్నా పొట్టి. అయినా రైడ్ సొరంగంలో పడతాయి. 1978, 1981 మధ్య బర్మింగ్‌హామ్‌లో మెట్రో కామెల్ అనే ఫ్యాక్టరీలో తయారయ్యాయి. వాటి ఒళ్లు అల్యూమినియం. ఉప్పు గాలి వీచే జెట్టీకి ఇది చిన్న విషయం కాదు. పెట్టె కింద చక్రాలను మోసే చట్రాలు పాతవి కావు. 2000 ప్రాంతంలోనే వాటిని కొత్తగా మార్చారు. అంటే ఈ రైలు వయసు ఎంత అని అడిగితే ఒక్క అంకెలో జవాబు లేదు. ఒంటికి నలభై ఏళ్లు. కాళ్లకు ఇరవై. మోటార్లు, నియంత్రణ యంత్రాలు కొత్తవి. వాటిని వివారైల్ అనే చిన్న సంస్థ అమర్చింది. ఆ సంస్థ ఈ రైళ్లు లండన్ నుంచి బయటికి వస్తున్నప్పుడే వాటి పెట్టెలను కొనేసింది. విప్పి, శుభ్రం చేసి, కొత్త సామాను పెట్టి, రెండేసి పెట్టెల రైళ్లుగా తయారుచేసింది. ద్వీపానికి అలాంటివి ఐదు. లారీల మీద ఎక్కించి, ఆ లారీలను పడవ ఎక్కించి తెచ్చారు. మొదటిది 2020 నవంబరులో దిగింది. లోపల ఫోను చార్జింగు ఉంది, చక్రాల కుర్చీకి చోటుంది. ప్లాట్‌ఫారాల ఎత్తులు సరిచేశారు కాబట్టి రైలు నేలకూ ప్లాట్‌ఫారానికీ మధ్య మెట్టు తగ్గింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, పిల్లల బండి తోసుకుంటూ వచ్చే తల్లికి రైలు ఏ సంవత్సరం పుట్టిందన్న దాంతో పనిలేదు. ఆ మెట్టు ఎంత ఎత్తుందన్నదే వాళ్ల లెక్క. ఆ లెక్కలో ఈ రైలు నిజంగా కొత్త రైలే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే ఈ మార్పులో ఎక్కువ మేలు చేసింది రైలు కాదు. పట్టాల మీద చేసిన ఒక చిన్న పని. ఈ దారి చాలా భాగం సింగిల్ లైను. సింగిల్ లైనులో ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్లు ఎక్కడో ఒకచోట తప్పుకోవాలి. మన దగ్గర దీన్నే క్రాసింగ్ అంటాం. ఒక రైలు లూపులోకి వెళ్లి నిలబడితే ఎదురు రైలు దాటిపోతుంది. మన సింగిల్ లైన్ల మీద ప్రయాణించినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఈ ద్వీపంలో బ్రేడింగ్ అనే స్టేషన్ దగ్గర పూర్వం అలాంటి లూపు ఉండేది. 1980లలో ఖర్చు తగ్గుతుందని దాన్ని తీసేశారు. అప్పటినుంచి రైళ్లు తప్పుకోవడానికి మిగిలిన చోట్లు దారి పొడవునా సమంగా లేవు. దాని ఫలితం చూడండి. రైళ్లు అరగంటకు ఒకటి చొప్పున నడపలేకపోయారు. ఒక రైలు వెళ్లాక ఇరవై నిమిషాలకు ఇంకోటి, దాని తర్వాత నలభై నిమిషాలకు మరోటి. ఇరవై, నలభై, ఇరవై, నలభై. గంటకు రెండు రైళ్లే కదా, ఏమిటి తేడా అంటారేమో. మొదట చెప్పిన మాట గుర్తు చేసుకోండి. ఇది పడవను అందుకునే రైలు. పడవ గడియారం సమంగా నడుస్తుంది. రైలు గడియారం కుంటుతూ నడిచింది. ఒక పడవకు రైలు సరిగ్గా అందేది, తర్వాతి పడవ దిగినవాళ్లు జెట్టీ మీద చలిగాలిలో నిలబడేవాళ్లు. కాడి పొడవుకు ఎడ్లు కుదరకపోతే బండి ఎంత మంచిదైనా పక్కకే లాగుతుంది. ఇక్కడ కుదరని కాడి ఆ తీసేసిన లూపు.

2019 సెప్టెంబరులో బ్రిటన్ ప్రభుత్వం ఈ దారికి 2 కోట్ల 60 లక్షల పౌండ్లు ప్రకటించింది. అప్పటి మారకంలో సుమారు 230 కోట్ల రూపాయలు. అందులో రైళ్లు ఉన్నాయి, పట్టాల పనులు ఉన్నాయి, ప్లాట్‌ఫారాలు ఉన్నాయి. బ్రేడింగ్ లూపు కోసం ద్వీప పాలక మండలితో సహా స్థానిక సంస్థలు 10 లక్షల పౌండ్లు విడిగా కలిపాయి. నన్నడిగితే ఈ మొత్తం పథకంలో అన్నిటికన్నా తెలివైన ఖర్చు ఆ 10 లక్షలు. రైళ్లను మాత్రమే మార్చి ఊరుకుంటే మెరిసే రైళ్లు అదే ఇరవై, నలభై కుంటి నడక నడిచేవి. లూపు తిరిగి వచ్చింది కాబట్టే ముప్పై నిమిషాలకు ఒక రైలు అనే సమమైన టైంటేబుల్ సాధ్యమైంది. రైలూ, పట్టాలూ, టైంటేబుల్ కలిపి మార్చారు. ఇది మళ్లీ చెబుతాను. మూడూ కలిపి మార్చారు. రైలు మార్పు అనగానే పత్రికల్లో కొత్త రంగుల బొమ్మలు వేస్తారు. లూపు లైనుకు ఎవరూ ఫొటో తీయరు. జనానికి మాత్రం ఎక్కువ మేలు లూపు దగ్గరే జరిగింది.

పనులు సాఫీగా సాగాయా అంటే లేదు. 2021 వసంతంలో దారి తెరుస్తామన్నారు. కొత్త రైళ్ల సాఫ్ట్‌వేర్ తిప్పలు పెట్టింది. అది కోవిడ్ కాలం కూడా. వేసవి సెలవుల రద్దీ అంతా బస్సులతోనే గడిచిపోయింది. నవంబరు 1న గాని రైలు కదల్లేదు. పది నెలలు. ద్వీపం బతికేది సందర్శకుల మీద. ఒక వేసవి పోగొట్టుకోవడం చిన్న దెబ్బ కాదు. అప్పుడు కొందరు అన్నారు: పది నెలలు బస్సులతో గడిచిందిగా, ఇక రైలెందుకు, ఆ డబ్బు బస్సులకే పెట్టొచ్చుగా? ఈ మాట కొత్తది కాదు. 1963లో బ్రిటన్ రైల్వేల్లో కోతలు సూచించిన బీచింగ్ నివేదిక ఈ ద్వీపంలోని రైలు దారులన్నీ మూసేయమంది. ఒకప్పుడు ఈ చిన్న ద్వీపంలో 55 మైళ్ల రైలు దారి ఉండేది. అంతా పోయి ఈ ఎనిమిదిన్నర మైళ్లు మిగిలింది. ఇప్పటి దారికి చివరనున్న షాంక్లిన్ నుంచి వెంట్నర్ అనే ఊరిదాకా ఉన్న ముక్కను 1966లో మూశారు. ఆ ముక్క మళ్లీ రాలేదు. అక్కడి సొరంగంలో ఇప్పుడు మంచినీళ్ల పైపు ఉంది. మూసిన దారి అంత తేలిగ్గా తిరిగి రాదని మనకూ తెలుసు. కాకినాడ నుంచి కోటిపల్లికి వేసిన పట్టాలను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో పీకేశారు. మళ్లీ ఆ దారి మీద రైలు కూత వినబడింది 2004లో. అరవై నాలుగేళ్లు. బస్సును ఇవాళ ఆపి రేపు నడపొచ్చు. పట్టాలు అలా కావు. పైగా ఒక పెద్ద పడవ నుంచి ఒకేసారి వందలమంది దిగుతారు. వాళ్లందరినీ అర మైలు జెట్టీ మీదుగా, ఊరి ఇరుకు రోడ్ల గుండా బస్సుల్లో తీసుకెళ్లడం వేరు, రెండు నిమిషాల్లో రైలెక్కించడం వేరు.

ఇక అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఇది. రైళ్లను మార్చి ఇచ్చిన వివారైల్ సంస్థే 2022 డిసెంబరులో దివాలా తీసింది. రైళ్లు కదిలి ఏడాది దాటిందో లేదో. చిన్న సంస్థను నమ్ముకుంటే ఇంతేగా అనొచ్చు. ఈ అభ్యంతరంలో నిజం ఉంది, ఆ నిజం ఎంత చేదో ఇంగ్లండులోనే ఇంకో దారి చూపించింది. బెడ్‌ఫర్డ్, బ్లెచ్లీ మధ్య మార్స్టన్ వేల్ అనే దారి ఉంది. అక్కడా అప్పట్లో నడిచినవి వివారైల్ తయారుచేసిన రైళ్లే. ముఖ్యమైన తేడా ఒకటుంది. అక్కడ ఆ రైళ్ల మరమ్మతు, నిర్వహణ కూడా వివారైల్ చేతుల్లోనే ఉండేది. సంస్థ కూలిపోవడంతోనే రైళ్లు ఆగిపోయాయి. దాదాపు ఏడాది పాటు ఆ దారి జనం బస్సులెక్కారు. చివరికి వేరే రకం రైళ్లు తెచ్చి నడపాల్సి వచ్చింది. మరి ఐల్ ఆఫ్ వైట్‌లో? అదే సంస్థ, అదే పాత డిస్ట్రిక్ట్ లైను పెట్టెలు. రైళ్లు ఆగలేదు. ఎందుకు ఆగలేదు? ద్వీపానికి సొంత షెడ్డు ఉంది. రైడ్ సెయింట్ జాన్స్ రోడ్‌లో, తరతరాలుగా పాత రైళ్లకు ప్రాణం పోసిన పనివాళ్లు ఉన్నారు. రైలు ఎవరు చేసినా మరమ్మతు వాళ్ల చేతుల్లోనే ఉంది. రెండు దారులు, ఒకే సంస్థ రైళ్లు, ఒకే దివాలా. ఒక దారి మూగబోయింది, ఒక దారి నడిచింది. మధ్యలో ఉన్న తేడా షెడ్డు. నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనబడదు.

కొత్త రైళ్లే చేయించుకోవచ్చుగా అనేవాళ్లకు కూడా జవాబు చెప్పాలి. డిస్ట్రిక్ట్ లైనులో పాత రైళ్ల స్థానంలో వచ్చిన కొత్త రైళ్ల కోసం లండన్ ఒకేసారి సుమారు 1,400 పెట్టెలకు ఆర్డరిచ్చింది. నమూనా గీయడం, పరీక్షించడం, అనుమతులు తెచ్చుకోవడం, ఆ ఖర్చంతా 1,400 పెట్టెల మీద పంచుకుంటారు. ద్వీపానికి కావలసినవి పది పెట్టెలు. పది పెట్టెల కోసం, అదీ ఇంకెక్కడా పనికిరాని పొట్టి కొలతలతో, కొత్త నమూనా గీయించాలంటే ఒక్కో పెట్టె మీద పడే భారం ఊహించండి. 2016లో ద్వీప మండలి కోరిన నివేదికలో దీన్ని ట్రామ్ దారిగా మార్చే ఆలోచన కూడా వచ్చింది. అదీ విచారించదగ్గదే. కానీ దానికి దారి మొత్తం తీరు మారాలి. చేతిలో ఉన్న మూడో పట్టా, ఉన్న షెడ్డు, ఉన్న సొరంగం, వీటిని వదలకుండా ఏది కుదురుతుందో అదే ఎంచుకున్నారు. వాడిన పెట్టెకు రెండో బతుకు ఇవ్వడం మనకూ పరాయి పని కాదు. మన రైల్వేలో వయసు మీరిన ప్రయాణికుల పెట్టెలను కార్లు మోసే పెట్టెలుగా మార్చి ఫ్యాక్టరీల నుంచి దేశమంతా తిప్పుతున్నారు. ఉన్న లోహాన్ని కరిగించి మళ్లీ పోతపోయడం కన్నా, గట్టిగా ఉన్న ఒంటిని నిలబెట్టుకుని లోపలి యంత్రాలు మార్చుకోవడం ఖర్చుకూ మంచిదే, గాలికీ మంచిదే.

అలాగని ఆ ద్వీపం కష్టాలు తీరిపోయాయని చెప్పను. కొత్తగా సిద్ధం చేసిన రైళ్లు తిరుగుతుండగానే, 2022 అక్టోబరులో జెట్టీ మరమ్మతుల కోసం రైళ్లు కొసదాకా వెళ్లడం ఆపేశారు. మరుసటి సంవత్సరం దాకా ఆ పని సాగింది. సముద్రంలో నిలబడిన కట్టడానికి సముద్రంతో పోరాటం ఎప్పటికీ ఉంటుంది. రైడ్ సొరంగం దగ్గరి వాగు కూడా ఎక్కడికీ పోలేదు. పైగా రైళ్ల ఒళ్లు ఇప్పటికే నలభై ఏళ్లు దాటాయి. ఇవి మహా అయితే ఇంకొన్ని ఏళ్లు తిరుగుతాయి. తర్వాత ఏమిటి అన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. 1938 రైళ్ల విషయంలో జరిగిన తప్పు, ఆ ప్రశ్నను చివరి రైలు ఆగిపోయేదాకా వాయిదా వేయడం. ఒక్క రైలు మిగిలాక వెతుకులాట మొదలుపెడితే దొరికినదే తీసుకోవాలి. ఐదు రైళ్లూ బాగా తిరుగుతున్నప్పుడే వెతికితే ఎంచుకోవచ్చు. ఆ వెతుకులాట ఇప్పుడే మొదలు కావాలి.

శ్రోతలారా, ఈ మాటలు వింటున్నవారిలో చిన్న బ్రాంచి లైన్ల పక్కన ఉంటున్నవారు చాలామంది ఉంటారు. మీ లైను మీద రైలు మారుస్తామని ఏ రోజైనా ప్రకటన వస్తే, కొత్తదా పాతదా అని అడిగే ముందు టైంటేబుల్ తెప్పించుకుని చూడండి. ఆ రైలు మీ బస్సును అందుకుంటుందా, మీ మెయిన్ లైను రైలును అందుకుంటుందా అని అడగండి. క్రాసింగ్ ఎక్కడ పెడుతున్నారని అడగండి. చెడిపోతే బాగుచేసే షెడ్డు ఎక్కడుంది, అక్కడ పనివాళ్లకు శిక్షణ ఇచ్చారా అని అడగండి. మీ ఎంపీకి రాయండి, డివిజన్ కార్యాలయానికి రాయండి. జవాబు వచ్చేదాకా రాస్తూనే ఉండండి.